పత్తి చేల మధ్య పుట్టిన గొంతు.. బుర్రకథ నాజర్

దూది ఏకే వాళ్లను పింజారీలు అంటారు. తెలుగులో ఆ మాటను తిట్టుగా కూడా వాడేస్తుంటారు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తన జీవితకథకు ఏరికోరి పెట్టుకున్న పేరు అదే: పింజారి.

1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో నాజర్ పుట్టారు. తల్లిదండ్రులు మస్తాన్, బీనాబీ. చుట్టూ పత్తి పండే నేల, ఇంట్లో మాత్రం తిండికి కటకట. గొంతు బాగుండటంతో చిన్నతనంలోనే నాటకాల్లోకి వెళ్లారు, ఆడవేషాలు కట్టారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు.

1940ల్లో ప్రజానాట్యమండలి ఆయన్ను బుర్రకథ వైపు తిప్పింది. అప్పటిదాకా జంగం కథగా, తందాన కథగా బతుకుతున్న కళ అది. భుజం మీద తంబురా, వేళ్లకు అందెలతో కథకుడు మధ్యలో ఉంటాడు. చెరో పక్క గుమ్మెట వాయించే వంతలు. ఒకరు హాస్యం పండిస్తే, ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు. దీంట్లోకి నాజర్ తాను నేర్చిన రాగాలు తెచ్చారు, నాటకాల్లో అలవాటైన అభినయం తెచ్చారు. ఏడవాల్సిన చోట నిజంగానే ఏడిపించేవారు. 1943 బెంగాల్ కరువు మీద తానే కథ కట్టి పాడారు.

ఆ ఆటలు ఎలా ఉండేవో ఊహించుకోవాల్సిందే. ఊరి నడుమ బల్లలు వేసి, పెట్రోమాక్స్ లైటు వేలాడదీస్తే అదే వేదిక. పొలం పని ముగించుకుని వచ్చిన వాళ్లు కథకుడికి నాలుగు అడుగుల దూరంలో కింద కూర్చునేవాళ్లు. వంత అడిగే ప్రశ్నలో ఆ ఊరి సంగతే దూరేది. జనం నవ్వితే ఇంకో మాట పడేది. అందుకే ఒక రాత్రి చెప్పిన కథ మరో రాత్రి అచ్చంగా అలాగే ఉండదు. ఆ తొలి రోజుల్లో టేపు పట్టుకుని ఊళ్లు తిరిగిన వాళ్లెవరు? తర్వాత రికార్డయిన కథల్లో గొంతు దొరుకుతుంది గానీ, జనం దొరకరు.

పల్నాటి యుద్ధం ఆయన చేతిలో వెలిగిన కథ. కారంపూడి, మాచర్ల, గురజాల వినేవాళ్లకు పక్క ఊళ్లే. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు ఘట్టాన్ని ఒక దూదేకుల బిడ్డ చెబుతుంటే, అన్ని కులాల వాళ్లూ కిందే కూర్చుని విన్నారు. ఇది చిన్న విషయం కాదు. బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు కూడా అంతే పేరు తెచ్చాయి.

1940ల చివర్లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద విరుచుకుపడినప్పుడు ఈ కథలకూ దెబ్బ తగిలింది. ఆటలు ఆగాయి, కళాకారులు చెల్లాచెదురయ్యారు. నాజర్ మాత్రం తంబురా దించలేదు. తర్వాతి దశాబ్దాల్లోనూ కథ చెబుతూనే ఉన్నారు, దళాలకు నేర్పుతూనే ఉన్నారు.

1986లో పద్మశ్రీ వచ్చింది. బిరుదులు చాలానే వచ్చాయి, ఆస్తులు మాత్రం రాలేదు. ఆయన చెప్పుకున్న బతుకును అంగడాల వెంకటరమణమూర్తి పుస్తకంగా తెచ్చారు. 1997 ఫిబ్రవరి 22న నాజర్ కన్నుమూశారు.

ఇప్పుడు ముస్లిం ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేర్చి వదిలేస్తున్నారు. వినేవాళ్లు తక్కువ. కనీసం గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు సినిమాలోని అల్లూరి బుర్రకథ ముక్కయినా చూడాలి. 1953లో ఆ సినిమా వచ్చేసరికి నాజర్‌కు 33 ఏళ్లు.