బుర్రకథకు బిగువు తెచ్చిన నాజరు

అనకాపల్లి సీమలోని బుచ్చయ్యపేట నుండి పడమటి త్రోవ పట్టి, నర్సీపట్నము దాటి సాగినచో కృష్ణదేవిపేట వచ్చును. 1924 మే 7వ తేదీన తెల్లదొరల తుపాకులకు బలియైన అల్లూరి సీతారామరాజు సమాధి అచ్చటనే కలదు. ఆ వీరుని కథను తెలుగునాట వినిపించి, వినువారి నెత్తురు మరిగించిన గాయకుడు మన్యమువాడు కాడు. గుంటూరు సీమలోని ఒక పల్లెకు చెందిన నిరుపేద. ఆయనయే షేక్ నాజరు.

నాజరు 1920 ఫిబ్రవరి 5వ తేదీన పొన్నెకల్లు గ్రామమున, దూదేకుల కుటుంబములో జన్మించెను. ఇంట సిరి లేకున్నను కంఠమున మాధుర్యము కలదు. చిన్ననాడే హార్మోనియము పట్టెను. శాస్త్రీయ సంగీతము నేర్చెను. పౌరాణిక నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి మెప్పు పొందెను. ఆనాటి రంగస్థలమున రాగమునకే పెద్దపీట. నటుడు పద్యమందుకొని రాగము తీసిన కొలది సభలో చప్పట్లు మ్రోగెడివి. ఆ త్రోవనే నడచినచో నాజరు మంచి నాటక గాయకులలో ఒకడుగా మిగిలి యుండెడివాడు.

1943వ సంవత్సరము ఆ త్రోవను మరలించెను. ఆ యేడు వంగదేశపు కరవు లక్షలాది జనులను పొట్టన బెట్టుకొనెను. ఆ యేడే ప్రజానాట్యమండలి తలయెత్తెను. డాక్టరు గరికపాటి రాజారావు దానికి సారథి. ఆరుబయట, కూలిజనము నడుమ నిలిచి పాడవలసిన కాలమది. తీగవలె సాగెడి రాగము అచ్చట నాలుగు వరుసలు దాటి వినిపింపదు. నాజరు దృష్టి జంగము కథ మీదికి మరలెను.

జంగము కథ అనాదిగా భిక్షాటనకు తోడైన కళ. కథకుని భుజమున తంబుర, వ్రేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. ఇరుప్రక్కల డక్కీలు వాయించు వంతలు ఇద్దరు. ఇంతకు మించి సరంజామా లేదు. సంగీతము నేర్చిన కంఠమునకు ఇది మెట్టు దిగుటవలె తోచవచ్చును. నాజరు వెనుదీయలేదు. ఇరువురు వంతలతో దళము కట్టి గజ్జె కట్టెను.

అంతటితో ఆ కథ పోకడయే మారినది. కథకుడు ఒకచోట నిలిచి చెప్పుట పోయి, ముందునకు దూకుచు, వెనుకకు మరలుచు, పాత్రలను అభినయించుచు పాడ నారంభించెను. వంతలలో ఒకనికి హాస్యము, వేరొకనికి రాజకీయము. పోరు ఘట్టము రాగానే డక్కీలు ఉరుమును, అందెలు చిటచిటలాడును, మాట లయతో పందెము వేయును. అట్లని నేర్చిన సంగీతము వృథా కాలేదు. వచనము నుండి పాటకు, శోకము నుండి రౌద్రమునకు క్షణములో మారవలెనన్నచో శ్రుతి తప్పని గొంతు కావలెను. ఆ బిగువునకు పునాది ఆ పాత విద్యయే.

బెంగాలు కరవు కథతో పాటు పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము ఆయన నోట కొత్త ప్రాణము పోసికొన్నవి. సుంకర సత్యనారాయణ రచించిన అల్లూరి కథ ఆయన కంఠమున మన్యపు కొండలు దాటి తీరమునకు వచ్చెను.

ఈ గర్జనకు మూల్యము చెల్లింపక తప్పలేదు. మద్రాసు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధము విధింపబడెను. ప్రజానాట్యమండలి కళాకారులు చెల్లాచెదరైరి. అయినను కథ మూగవోలేదు. 1954లో వెలువడిన అగ్గిరాముడు చిత్రములో నాజరు బుర్రకథ వెండితెర కెక్కెను. పార్టీ సభ యెరుగని వారును సీతారామరాజు గాథను అచ్చట వినిరి.

1986లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయన ఆత్మకథకు పేరు పింజారి. దూది యేకువారి కులమునకు పేరై, లోకులు తిట్టుగా వాడుకొన్న మాట యది. భిక్షకుల కళయని చులకనగా చూడబడిన కథను నెత్తిన పెట్టుకొన్నట్లే, ఆ మాటను కూడ ఆయన తలవంపుగా భావింపక పుస్తకము మీద పెద్ద అక్షరములలో నిలిపెను.