కట్టమంచి రామలింగారెడ్డిగారు – విద్యార్థి సంఘముల ధ్యేయము

విద్యార్థులు సంఘముగా ఏర్పడుట దేనికొరకు? ఎన్నికలలో గెలుచుటకా? ఉత్సవములు జరుపుటకా? కోరికలు నెరవేర్చుకొనుటకా? ఈ ప్రశ్నకు డాక్టరు కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితమున చక్కని సమాధానము లభించును.

ఆయన 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన చదువుచున్న కాలమున అచ్చట భాషాభిరంజని సమాజమను తెలుగు సంఘము ఉండెను. ఉన్నతవిద్య యంతయు ఆంగ్లముననే సాగిన ఆ దినములలో, విద్యార్థులలో మాతృభాషాభిమానమును పెంచుటయే దాని పని. ఆ సంఘము నడపిన కావ్యరచన పోటీకి ఆయన ముసలమ్మ మరణమును వ్రాసి బహుమతి పొందిరి. చెరువుకట్ట తెగి ఊరు మునుగకుండ ప్రాణమర్పించిన అనంతపురసీమ కోడలి కథ అది. 1900లో అచ్చయిన ఆ చిన్న కావ్యము ఆధునికాంధ్ర కవిత్వమునకు తొలిమెట్లలో నొకటిగా నేటికిని గణింపబడుచున్నది.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఆయన ఇంగ్లండునకేగి, కేంబ్రిడ్జిలో సెంట్ జాన్స్ కళాశాలయందు చేరిరి. 1815లో స్థాపితమైన కేంబ్రిడ్జి యూనియను వాదప్రతివాదములకు పేరొందిన సంఘము. ఎదుటివాని వాదమును ఓర్పుతో వినుట, హేతువుతో ఖండించుట, ఓడినను స్నేహము విడువకుండుట అచ్చటి శిక్షణ. పరాధీన దేశమునుండి వచ్చిన ఈ తెలుగు యువకుని ఆ సంఘమువారు ఉపాధ్యక్షునిగా ఎన్నుకొనిరి.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయన మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినప్పుడు దానికై కృషిచేసినవారిలో ఆయన యొకరు. మన బెంగుళూరు సెంట్రల్ కళాశాల నాడు అందులోనిదే. తరువాత సంస్థానమునకు విద్యాశాఖాధిపతియై, తెలుగువాడయ్యు కన్నడసీమకు సేవచేసిరి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైరి. 1930లో ప్రభుత్వ నిర్బంధవిధానమునకు నిరసనగా ఆ పదవిని త్యజించిరి. విద్యార్థిదశలో అలవడిన స్వతంత్రభావము పదవిలో నున్నప్పుడును ఆయనను విడువలేదు. 1936లో మరల ఆ పదవి నలంకరించి 1949 వరకు నిర్వహించిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

వసతిగృహము, రుసుము, గ్రంథాలయము మొదలగు అవసరములనుగూర్చి అధికారులతో మాటాడుట విద్యార్థి సంఘమునకు తగిన పనియే. కాని వినుట, ఆలోచించుట, నిర్భయముగా మాటాడుట నేర్పని సంఘమడుగు కోరికకు బలముండదు. బాలబాలికలారా! మన పాఠశాలలో మీ సాహిత్య సంఘము చిన్నదని తలపకుడు. అచ్చట తెలుగున మాటాడ నేర్చినవారు రేపు కన్నడ సోదరులతో గూడిన కళాశాల సభలలో జంకక నిలువగలరు. తలిదండ్రులారా! ఆ సమావేశముల కాలము చదువునకు నష్టమని యెంచకుడు, అదియు చదువే.