పర్లాకిమిడి పంతులుగారు: మాట ముందు, వ్యాకరణం తర్వాత

మన బడి యాభై ఏళ్ల సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఒక బడిపంతులు జీవితం రాయాలనిపించింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు మనందరికీ తెలిసిందే. ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవమని ఆయన ఫొటోకు దండ వేస్తాం, వాడుక భాష కోసం పోరాడారని నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆయన జీవితంలో మనం అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. పుట్టుకతో రాని భాషను మనిషి ఎలా నేర్చుకోవాలి, పిల్లలకు ఎలా నేర్పాలి అన్న ప్రశ్నకు ఆయన తన చెవులు, తన ఆరోగ్యం, తన జీతం డబ్బు పెట్టి జవాబు వెతికారు. ఇంగ్లీషు వ్యాకరణంతో కుస్తీ పట్టిన మన తరాలకూ, ఇప్పుడు పడుతున్న పిల్లలకూ ఆ జవాబు పనికొస్తుందని నా నమ్మకం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. చోడవరానికి బదిలీ అయిన తండ్రి 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. ఆ తర్వాత విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. అక్కడ ఆయనతోపాటు చదివిన వారిలో గురజాడ అప్పారావుగారు ఒకరు.

పై చదువు చదివే స్తోమత లేదు. 1880లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చెప్పే పాఠం చరిత్ర. పగలు బడిలో పాఠం చెప్పి, మిగిలిన వేళల్లో సొంతంగా చదువుకొని 1886లో ఎఫ్.ఏ., ఆ తర్వాత మరికొన్నేళ్లకు బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడిలో రాళ్ల మీద ఉన్న శాసనాల పాత లిపిని కూడా తనంతట తానే పట్టుదలగా నేర్చుకున్నారు. దగ్గర కాలేజీ లేదు, చెప్పేవారు లేరు అని కూర్చున్న మనిషి కాదు.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. ఊరు దాటితే కొండలు, కొండల నిండా సవరల పల్లెలు. సవరలు సంతకు దిగి వస్తే వాళ్ల భాష కిందివాళ్లకు రాదు, కిందివాళ్ల భాష వాళ్లకు సరిగా రాదు. తూకంలోనూ, అప్పు పత్రంలోనూ మోసపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు. వాళ్లకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలని పంతులుగారికి తోచింది.

ఎలా నేర్చుకోవాలి? ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. అతను మాట్లాడుతుంటే వినడం, విన్నది విన్నట్టు రాసుకోవడం, తిరిగి తాను పలికి సరిచూసుకోవడం. తర్వాత ఆయనే కొండలెక్కి పల్లెలు తిరిగారు. వ్యాకరణం దొరికాక భాష నేర్చుకుందామని ఎదురుచూసే వీలే అక్కడ లేదు. భాష వచ్చిన కొద్దీ వ్యాకరణం దానంతట అది బయటపడింది.

ఆ వ్యాకరణం తెలుగుకు గాని, సంస్కృతానికి గాని, ఇంగ్లీషుకు గాని అమరేది కాదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. చేపలు పట్టడం లాంటి పనిని చెప్పేటప్పుడు చేప అనే నామం క్రియలోకే దూరిపోయి, కర్త, కర్మ, క్రియ అన్నీ కలిసి ఒకే మాట అవుతుంది. మనకు తెలిసిన పట్టికల్లో ఆ భాషను ఇరికించాలని చూస్తే మూతకు సరిపోయేలా బిందెను నొక్కినట్టే. పంతులుగారు అలా చేయలేదు. జనం ఎలా అంటున్నారో అదే సూత్రమనుకున్నారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన ధర తక్కువది కాదు. కొండల్లో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిని చెవుడు వచ్చింది. భద్రాచలం, అశ్వారావుపేట అడవుల్లో మన్యం జ్వరాల సంగతి మన పెద్దలకు తెలుసు కాబట్టి అందులో కష్టం మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ధ్వనులను వేరుచేసి వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవి పోవడం ఎంత దెబ్బ! అయినా పని ఆపలేదు. కొడుకు గిడుగు సీతాపతిగారు ఆ పనిలో తోడయ్యారు. సవర పిల్లలకు సవరలోనే పాఠాల పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ల జీతాలు తానే ఇచ్చుకున్నారు. దాదాపు ముప్పై అయిదేళ్ల శ్రమ తర్వాత ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు వచ్చేసరికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

ఆ రెండు పుస్తకాలూ ఇంగ్లీషులో రాసినవి. విజయనగరం బడిలో మొదలుపెట్టిన ఇంగ్లీషు ఆయన చేతిలో అలా పనిముట్టయింది. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ వంటి భాషాశాస్త్రజ్ఞులు రాసిన పుస్తకాలను పర్లాకిమిడిలో కూర్చొని చదివారు. పరాయి భాష నేర్చుకునేవాడు ముందు దాని ధ్వనులనూ, జనం రోజూ మాట్లాడే వాక్యాలనూ పట్టుకోవాలని ఆ కాలపు యూరపులో కొత్తగా చెబుతున్నారు. సవర పల్లెల్లో తన అనుభవం కూడా అదే.

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఒకటి ఎందుకున్నాయని ఆయనకు సందేహం కలిగింది. బయటి నుంచి వచ్చిన వాడికి కనిపించినది లోపలున్న వారికి అలవాటై కనిపించకుండా పోయింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు, యేట్స్ కలిసి తెలుగు బోధనను మార్చే ప్రయత్నం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం తర్వాత 1911లో విరమించుకున్న రామమూర్తిగారికి ఇక ఇదే పనైంది. 1913లో ఆధునిక తెలుగు మీద వివరమైన విజ్ఞాపన రాశారు, అదీ ఇంగ్లీషులోనే. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు ఎదురు నిలిచారు. సభల్లో గంటల తరబడి వాదాలు జరిగాయి.

ఆ వాదాల్లో రామమూర్తిగారి పద్ధతి గమనించదగ్గది. గ్రాంథికం గొప్పదా, వాడుక భాష గొప్పదా అని ఆవేశపడి ఊరుకోలేదు. పండితులు రాసిన పుస్తకాలే తీసుకొని, వాళ్లు నమ్మే వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటిగా ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అలా పుట్టిన పుస్తకమే. పండితులను ఎగతాళి చేయడం దాని అసలు ఉద్దేశం కాదు. ఇంట్లోగాని, వీధిలోగాని నోట పలకని భాషను కేవలం సూత్రాల బలం మీద తప్పుల్లేకుండా రాయడం మహా పండితులకే సాధ్యం కానప్పుడు, పదేళ్ల పిల్లవాడి నుంచి ఎలా ఆశిస్తామన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న నన్ను ఇంగ్లీషు దగ్గరకు తీసుకొస్తుంది. మన కాలంలో ఇంగ్లీషు అంటే పన్నెండు టెన్సుల పట్టిక, యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌లోకి మార్చడం, రోజుకు పది కొత్త మాటలకు అర్థాలు. సార్లు శ్రద్ధగానే చెప్పారు, మనమూ శ్రద్ధగానే బట్టీపట్టాం. ఆ చదువే నన్ను పాలిటెక్నిక్ దాటించి, ఇంజనీరింగ్ గట్టెక్కించింది. కాకపోతే ఉద్యోగంలో చేరి, వేరే రాష్ట్రపు సైటులో ఫోను ఎత్తాక తెలిసింది, రాయగలిగిన వాక్యాలేవీ నోటికి రావని. అక్కడ నాకు ఇంగ్లీషు నేర్పింది క్యాంపులో తోటివాళ్లు. వాళ్లు మాట్లాడింది విని, అదే మాటను మర్నాడు వాడి చూసుకున్నాను. అలా నోరు తిరిగాక పాత నోట్సు తీస్తే, బడిలో బట్టీపట్టిన సూత్రాలన్నీ అప్పుడు అర్థమయ్యాయి. మా భాషలో చెప్పాలంటే వ్యాకరణం యాజ్-బిల్ట్ డ్రాయింగు లాంటిది. కట్టడం పూర్తయ్యాక ఉన్నది ఉన్నట్టు గీసేది. రిపేరు చేయాలన్నా, పైన ఇంకో అంతస్తు వేయాలన్నా అది లేకపోతే పని జరగదు. అది చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు లేచినట్టు కాదు.

రామమూర్తిగారు కూడా వ్యాకరణాన్ని తోసెయ్యలేదు, స్వయంగా వ్యాకరణం రాసిన మనిషి ఆయన. దాని వంతు ఎప్పుడు వస్తుందన్నదే ఆయన చెప్పింది.

ఇంకో సంగతి. మన తరగతుల్లో వెనక వరసలో కోయ పిల్లలు కొందరు కూర్చునేవారు. ఇంట్లో కోయ మాట్లాడే వాళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మనం ఒక గోడ ఎక్కితే సరిపోయేది, వాళ్లు రెండు ఎక్కాలి. వాళ్లలో చాలామంది పదో తరగతి దాకా రాలేదు. మొద్దులని కొందరు అనేవారు. సవర పిల్లలకు ముందు సవరలో చదువు చెప్పాలని పర్లాకిమిడి పంతులుగారు ఎందుకంత పట్టుబట్టారో, నాకు ఆ పిల్లలు గుర్తొచ్చినప్పుడల్లా తెలుస్తుంది. ఇప్పుడు సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. రావడం మంచిదే, ఊరి పిల్లలకు ఆ తలుపు మూసి ఉంచాలని ఎవరూ కోరరు. పాఠం అర్థం కాకుండానే జవాబు బట్టీపట్టే అలవాటు మాత్రం మీడియంతోపాటు ముదిరితే, మన వెనక వరస ఇంకా పొడుగవుతుంది.

చివరి రోజుల్లో కూడా పంతులుగారు భాష విషయంలో రాజీపడలేదు. 1936 ఏప్రిల్ 1న కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ రోజు తానక్కడ ఉండడం ఇష్టం లేక, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన కోరిన తెలుగులోనే ఈ రోజు మన పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ, ఈ సంచికా వస్తున్నాయి.

పూర్వ విద్యార్థులుగా మనం బడికి బెంచీలిచ్చాం, ఫ్యాన్లిచ్చాం, వాటర్ ప్లాంటు పెట్టాలనుకుంటున్నాం. వీటికి ఖర్చులేని పని ఒకటి కలుపుదాం. ఊరొచ్చిన ప్రతి పూర్వ విద్యార్థీ ఒక పూట తరగతిలో కూర్చొని పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడాలి, తప్పొప్పులు ఎంచకుండా వాళ్లను మాట్లాడనివ్వాలి. సార్లు ఒప్పుకుంటే, కోయ పిల్లలు తమ ఇంటి మాటలు చెబుతుండగా మిగతా పిల్లలు మూడు గళ్ల నోటుపుస్తకంలో కోయ, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన రాసుకోవాలి. చెట్ల పేర్లు, చేపల పేర్లు, పొలం సామాన్ల పేర్లతో మొదలుపెట్టవచ్చు. ఆ గంటసేపు వెనక వరస పిల్లవాడే పంతులవుతాడు. వచ్చే ఆగస్టు 29కి మొదటి నోటుపుస్తకం నిండితే, దండ వేసేటప్పుడు ఆ ఫొటో ముందు పెట్టడానికి మన దగ్గర ఒకటి ఉంటుంది.