46 కేజీల నుంచి 12 కేజీలకు!

పొలం పనిముట్ల షాపులో నారింజ, తెలుపు రంగుల్లో ఉండే చెట్లు కోసే మెషిన్‌ను మీరు చూసే ఉంటారు. దాని మీద కనిపించే ‘స్టిల్’ ఓ మనిషి ఇంటిపేరు. మెకానికల్ చదువుతున్నా, ఐటీఐ చేస్తున్నా ఆండ్రియాస్ స్టిల్ కథ మీకు పనికొస్తుంది.

ఆయన 1896లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పుట్టారు. జర్మనీలో ఇంజినీరింగ్ చదివి, 1926లో స్టట్‌గార్ట్‌లో సొంత కంపెనీ పెట్టారు. ఆ ఏడాదే కరెంటుతో నడిచే చైన్ రంపం తయారు చేశారు. మరి అడవిలో కరెంటు ఎక్కడిది? అందుకే 1929లో పెట్రోల్ రంపం తెచ్చారు. బరువు 46 కేజీలు! దాదాపు ఓ సిమెంట్ బస్తా అన్నమాట. ఇద్దరు పట్టుకుంటే తప్ప పని జరిగేది కాదు.

ఇక్కడ ఓ మాట దాచకూడదు. 1930ల్లో ఆయన నాజీ పార్టీలో, ఎస్ఎస్‌లో చేరారు. యుద్ధం ముగిశాక నిర్బంధంలో ఉన్నారు. కాబట్టి మీరు ఆయన ఇంజినీరింగ్ నేర్చుకోండి. మనిషిని మాత్రం హీరోని చేయక్కర్లేదు.

1950లో ఒక్కరే మోయగల రంపం వచ్చింది, 16 కేజీలు. 1959 నాటి ‘కాంట్రా’ 12 కేజీలకు దిగింది. ఎలా? మధ్యలో గేర్లు తీసేసి, ఇంజిన్‌తోనే నేరుగా చైన్‌ను తిప్పారు. ఫ్లోట్ కార్బ్యురేటర్ పక్కకి వంచితే మొరాయిస్తుంది. డయాఫ్రమ్ రకంతో ఆ బాధ లేదు, ఎటు వంచినా ఇంజిన్ నడుస్తుంది. స్టిల్ 1973లో చనిపోయారు.

ఇప్పుడు మీ వంతు. ఇలాంటి మెషిన్ రిపేర్‌కి వస్తే వెంటనే ఇంజిన్ విప్పేయకండి. ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. కోసినప్పుడు ఏం రాలిందో అడగండి. పదునున్న చైన్ చిన్న చిన్న పేళ్లు రాలుస్తుంది. పిండిలాంటి పొడి వస్తే చైన్ మొద్దుబారినట్టే. గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నునూ ఒకే కోణంలో, అన్నేసి సార్లే రుద్దాలి. లెక్క తప్పితే కోత పక్కకి పోతుంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ దులపండి, చైన్ బిగువు చూడండి, చైన్ ఆయిల్ అందుతోందో లేదో గమనించండి.

ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే 5 లీటర్ల పెట్రోల్‌కు 100 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి.

ముప్ఫై ఏళ్లలో తగ్గిన 34 కేజీల బరువుని మొద్దు చైన్ ఒక్క పూటలో కూలీ భుజాల మీదికి మళ్లీ ఎక్కించేస్తుంది. అందుకే స్పానర్ కంటే ముందు ఆకురాయి అందుకోండి.