భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేట, కోదాడ మజిలీలు. ఆ మార్గమునకు ఒక కొనయందు 1888వ సంవత్సరము మే 22వ తేదీన మాదరి భాగయ్య జన్మించిరి. రెండవ కొనయందు 1917 నవంబరులో వారే భాగ్యరెడ్డి వర్మగా ఒక మహాసభకు అధ్యక్షత వహించి, లక్షలాది జనులకు అంతవరకునుండిన పేరును మార్పించిరి. నడుమనున్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల భూస్వాములును పట్టణవాసులును వారి చరిత్రమును ఎరిగినది మాత్రము స్వల్పము. అందువలననే నేడు దానిని ప్రస్తావించుచున్నాము.

వర్మగారు నిరుపేద మాల కుటుంబమున పుట్టి, హైదరాబాదులో ఒక బారిష్టరు ఇంట కొలువుచేయుచు విద్య సంపాదించుకొనిరి. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథలద్వారా వాడలలో జ్ఞానప్రచారము గావించిరి. 1911లో అది మన్యసంఘమయ్యెను. ఉర్దూ రాజభాషయైన ఆ దినములలో, 1910 నాటికే, ఇసామియా బజారు, లింగంపల్లి పేటలలో తమవారి బిడ్డలకు తెలుగు బడులు నెలకొల్పిరి. నగరమున భవనములు కట్టినదియు, వీధులూడ్చినదియు ఆ వాడలవారే. అయినను ఆ వీధులలోని బడులు వారి బిడ్డలకు దూరమైయుండెను.

బెజవాడ సభకు ముందుగా పెట్టిన పేరు పంచమ మహాజన సభ. నాలుగు వర్ణములకు వెలుపలనున్న ఐదవవారనియే గదా ఆ మాటకర్థము! తాము ఐదవవారము కాము, ఈ నేలకు మొదటివారమని వర్మగారు వాదించిరి. సభ ఆది ఆంధ్రుల సభయయ్యెను. ఆ దినములలో వీరు ఎక్కడ ఆలయప్రవేశము చేయుదురోయని కనకదుర్గ గుడి తలుపులు మూసివేసిరట! పేరు మార్చినంతమాత్రమున కడుపు నిండునాయని నవ్వువారు కలరు. కడుపు నిండదు, నిజమే. కాని 1922లో మద్రాసు ప్రభుత్వము ఆ పేరును గ్రహించెను. 1931 జనాభా లెక్కలలో నిజాము రాజ్యమున ఆదిహిందువులను పేరు ఎక్కెను. ఆదివాసులమను వాదము చరిత్రకారుల పరీక్షకు ఎంతవరకు నిలుచునో మేము చెప్పబూనము. ఇతరులు తగిలించిన పేరును తీసివేసి, తమ పేరును తామే పెట్టుకొను హక్కు అక్కడ స్థాపితమైనదని మాత్రము చెప్పగలము.

అయితే పేర్లలోకెల్ల క్రూరమైన పేరు స్త్రీలకు తగిలించినది. మాల మాదిగ బాలికకు ఎల్లమ్మ పేరనో, పోచమ్మ పేరనో తాళి కట్టించి, ఇక నీకు పెండ్లి లేదని విధించుటయే జోగిని ఆచారము. కొన్ని తావుల బసివి యందురు. దేవత పేరు పైకి మాత్రమే. అనుభవము గ్రామమందలి బలవంతులది. ఆమెకు పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు లేదు. ఇంత చేసిన పిమ్మట, వాడలోని ఆడువారికి శీలమెక్కడిదని రచ్చబండపై చతురోక్తులాడినవారును ఆ పెద్దలే. నేరము తమది, అపకీర్తి ఆమెది. వర్మగారు దీనిని నిషేధింపుమని ప్రభుత్వమును కోరిరి. అంతతో ఊరకుండక తమ కులపెద్దలనుకూడ నిలదీసిరి. బిడ్డను అర్పించు చేయి తమవాడదియేగదా! మద్యము మానుడు, జంతుబలులు మానుడని వారు పట్టుబట్టుట పైకులముల కొలబద్దతో తమవారిని కొలుచుటయేయని కొందరి విమర్శ. అందు కొంత నిజము లేకపోలేదు. కాని జోగిని విషయమున వారు కొలిచినది పైకులములవారినే.

ఇది మనకే చెల్లిన వింత కాదు. అమెరికాలో బానిసల యజమానులు నల్లజాతి స్త్రీలను చెరచి, పిమ్మట ఆ స్త్రీల స్వభావమే అట్టిదని ప్రచారము చేసిరి. 1865లో దాస్యము పోయెను, నింద పోలేదు. చికాగో నగరమున ఇండ్ల దస్తావేజులలోనే నల్లవారికి విక్రయింపరాదని షరతులు వ్రాసికొనిరి. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. మన పల్లెలకు దస్తావేజుకూడ అక్కరలేకపోయెను. ఊరొకచోట, వాడయొకచోట, బావి వేరు, వల్లకాడు వేరు. తెలంగాణపు గడీలనుండి దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు వెంట ఆడపాపలను సారెతోపాటు పంపుట మన పెద్దలు ఎరుగని సంగతియా? ఆ ఆడపాపలకు ఆ ఇంట ఎట్టి బ్రతుకు గడిచెనో అడిగినవారు మాత్రము లేరు.

వర్మగారు 1939 ఫిబ్రవరి 18న మరణించిరి. జోగిని, బసివి ఆచారములను నిషేధించు శాసనమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చేసెను. అది వారి శతజయంతి సంవత్సరము. 2018లో మిర్యాలగూడలో, కులము మీరి పెండ్లిచేసికొన్న ఒక దళిత యువకుని పట్టపగలు నరికి చంపిరి. బెజవాడ సభ జరిగి అప్పటికి నూరు సంవత్సరములు దాటెను.