నింగికెగసిన నమూనా : శామ్యూల్ లాంగ్లీ

ఆకాశంలో పక్షివలె విహరించాలన్నది మానవుని చిరకాల వాంఛ. విమానం అనగానే లోకం రైట్ సోదరులను స్మరిస్తుంది. అది సముచితమే. అయితే వారికంటె ఏడేళ్లు ముందుగానే, గాలికంటె బరువైన యంత్రం ఇంజను బలంతో నిలకడగా ఎగురగలదని చెప్పుకోదగిన పరిమాణంగల ఒక నమూనాతో నిరూపించిన శాస్త్రజ్ఞుడు శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీ. చిన్న నమూనాతో కీర్తిని గడించి, దానినే పెద్దదిగా నిర్మించబోయి అపహాస్యం పాలైన ఆయన జీవితం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఆలోచింపదగిన అధ్యాయం.

లాంగ్లీ 1834 ఆగస్టు 22న అమెరికాలోని బోస్టన్ నగర సమీపాన గల రాక్స్‌బరీలో జన్మించాడు. చిన్ననాటినుండి ఆయనకు నక్షత్రాలపై మక్కువ ఎక్కువ. పాఠశాల చదువు ముగిసిన తరువాత కళాశాలలో చేరలేదు. కొంతకాలం భవన నిర్మాణ రంగంలో పనిచేసి జీవనం సాగించాడు. తీరిక వేళలలో తమ్ముడు జాన్‌తో కలిసి స్వయంగా దూరదర్శినులను తయారుచేశాడు. తన చేతులతో పనిముట్టును రూపొందించి, పరీక్షించి, లోపాన్ని సరిదిద్దుకొనే అలవాటు ఆ రోజులలోనే ఆయనకు అబ్బింది.

పట్టభద్రుడు కాకపోయినా ప్రతిభ ఆయనకు దారి చూపింది. హార్వర్డ్ వేధశాలలో సహాయకునిగా చేరిన లాంగ్లీ, 1867లో పిట్స్‌బర్గ్ సమీపాన గల అలెఘెనీ వేధశాలకు అధిపతి అయ్యాడు. ఆ సంస్థకు ధనం లేదు, సరైన పరికరాలు లేవు. ఆ కాలంలో ఒక్కొక్క ఊరి గడియారం ఒక్కొక్క సమయాన్ని చూపేది. నక్షత్రాల గమనాన్ని బట్టి కచ్చితమైన సమయాన్ని లెక్కించి, దానిని తంతి ద్వారా రైల్వే సంస్థకు అందించే ఏర్పాటు చేశాడు. ఆ రాబడితో వేధశాలను నిలబెట్టాడు. సూర్యకాంతిని పరిశీలించడానికి బోలోమీటరు అనే పరికరాన్ని కనుగొన్నాడు. పలుచని లోహపు రేకుకు వేడి తగిలినప్పుడు దాని విద్యున్నిరోధంలో కలిగే మార్పును బట్టి అత్యల్పమైన ఉష్ణాన్ని సైతం ఈ పరికరం కొలుస్తుంది. కంటికి కనిపించని పరారుణ కిరణాల అధ్యయనానికి అది మార్గం సుగమం చేసింది.

యాభై ఏళ్లు దాటిన తరువాత లాంగ్లీ దృష్టి ఆకాశయానం వైపు మళ్లింది. రెక్క ఆడించకుండా పక్షి గాలిలో ఎట్లా తేలగలుగుతున్నదనే ప్రశ్న ఆయనను వెంటాడింది. ఎగిరే యంత్రాలను గురించి మాట్లాడేవారిని పగటి కలలు కనేవారిగా లోకం జమకట్టే రోజులవి. పేరుప్రతిష్ఠలు గల శాస్త్రజ్ఞుడు అటువంటి పనికి పూనుకోవడమే సాహసం. ఆయన వేధశాల ఆవరణలో అరవై అడుగుల వ్యాసంతో తిరిగే ఒక పెద్ద యంత్రాన్ని నెలకొల్పాడు. దాని చివర పలకలను అమర్చి ఆవిరి యంత్రంతో గిరగిర తిప్పి, ఏ వేగంలో, ఏ వాలులో గాలి పలకను ఎంత బలంతో పైకి నెట్టుతుందో కొలిచాడు. ఆ ఫలితాలను 1891లో గ్రంథరూపంలో ప్రకటించాడు.

1887లో లాంగ్లీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శి అయ్యాడు. ఆ సంస్థకు అదే అత్యున్నత పదవి. ఆ బాధ్యతల నడుమనే నమూనాల నిర్మాణం మొదలుపెట్టాడు. తొలుత మెలివేసిన రబ్బరు బలంతో ఎగిరే చిన్న చిన్న నమూనాలు చేశాడు. అవి కొన్ని క్షణాలు మాత్రమే ఎగిరేవి. ఆ తరువాత ఆవిరి యంత్రాలు గల పెద్ద నమూనాలకు పూనుకున్నాడు. వీటికి గాలిలో పరుగెత్తేది అనే అర్థంలో ఏరోడ్రోమ్ అని పేరు పెట్టాడు. ఈ మాట అనంతర కాలంలో విమానాలు దిగే స్థలానికి పేరైంది.

నమూనా చిన్నదైనా పని చిన్నది కాదు. బాయిలరు గట్టిగా ఉంటే బరువు పెరిగి నమూనా లేవలేదు. బరువు తగ్గిస్తే యంత్రానికి బలం చాలలేదు. చట్రాన్ని పలుచన చేస్తే రెక్కలు మెలితిరిగాయి. ఒక లోపాన్ని సవరిస్తే మరొకటి తలెత్తేది. పోటోమాక్ నదిలో నిలిపిన ఒక ఇంటిపడవ కప్పుమీదనుండి, ఒడిసెల రాయిని విసిరినట్లు విసిరే యంత్రంతో నమూనాలను గాలిలోకి వదిలేవారు. నీటిపై పడితే నష్టం తక్కువ. గాలివాటును బట్టి పడవను తిప్పుకోవచ్చు. ఏళ్ల తరబడి ప్రయత్నాలు విఫలమైనా లాంగ్లీ పట్టు విడువలేదు.

1896 మే 6న ఆ ఓర్పు ఫలించింది. వర్జీనియాలోని క్వాంటికో సమీపాన ఐదవ సంఖ్యగల నమూనాను వదిలారు. దాని బరువు దాదాపు 11 కిలోలు. రెక్కల కొననుండి కొనకు నాలుగు మీటర్లకు పైగా ఉంటుంది. ఒకదాని వెనుక ఒకటిగా రెండు జతల రెక్కలతో అది పెద్ద తూనీగను తలపించేది. మెల్లగా వలయాలు తిరుగుతూ పైకి లేచి, దాదాపు 1,000 మీటర్లు ప్రయాణించింది. ఆవిరి అయిపోగానే తలకిందులు కాకుండా నెమ్మదిగా నీటిపై వాలింది. అదే రోజున దానిని మరల ఎగురవేశారు. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఈ దృశ్యాన్ని కళ్లారా చూసి ఛాయాచిత్రం తీశాడు. అదే ఏడాది నవంబరులో ఆరవ నమూనా దాదాపు 1,460 మీటర్లు ఎగిరింది.

తన కర్తవ్యం ముగిసిందనీ, మిగిలిన పని ఇతరులు చేపట్టవచ్చుననీ లాంగ్లీ భావించాడు. కాని 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మనిషిని మోయగల విమానాన్ని నిర్మించడానికి అమెరికా యుద్ధశాఖ 50,000 డాలర్లు మంజూరు చేసింది. చార్లెస్ మాన్లీ అనే యువ ఇంజనీరు దాదాపు 52 అశ్వశక్తిగల తేలికైన పెట్రోలు ఇంజనును సిద్ధంచేశాడు. ఆ కాలానికి అది అపూర్వం. అసలు విమానంలో నాలుగో వంతు ఉన్న పెట్రోలు నమూనా 1901లోనే గాలిలో ఎగిరింది. ఇక మిగిలినది దానిని పెద్దదిగా చేయడమే అనిపించింది.

చిక్కంతా అక్కడే ఉంది. ఒక వస్తువు కొలతలను నాలుగింతలు చేస్తే దాని వైశాల్యం పదహారింతలవుతుంది. అదే పదార్థంతో, అదే పోలికతో చేస్తే బరువు మాత్రం అరవై నాలుగింతలవుతుంది. అంటే రెక్కలో ప్రతి అడుగుమీదా నాలుగింతల భారం పడుతుంది. బరువును అదుపులో ఉంచాలంటే చట్రాన్ని పలుచన చేయాలి. అట్లా చేస్తే విసురు యంత్రపు కుదుపునూ, గాలి ఒత్తిడినీ అది తట్టుకోవడం కష్టం. మరొక లోపం కూడా ఉంది. నమూనాలో మనిషి ఉండడు, కనుక అది తనంతట తాను నిలకడగా ఎగిరితే చాలు. మనిషి ఎక్కిన విమానాన్ని గాలి పోకడనుబట్టి అనుక్షణం అదుపు చేయాలి. ఆ విద్యను అభ్యసించే అవకాశం మాన్లీకి ఎన్నడూ కలగలేదు.

1903 అక్టోబరు 7న మాన్లీతో బయలుదేరిన విమానం పడవ కప్పునుండి సూటిగా నదిలో కూలింది. ప్రయోగ యంత్రంలో ఏదో తగులుకోవడమే కారణమని లాంగ్లీ నమ్మాడు. డిసెంబరు 8న వాషింగ్టన్ వద్ద జరిగిన రెండో ప్రయత్నంలో వెనుక రెక్కలూ తోకా విరిగిపోయి విమానం మరల నీటిపాలైంది. చల్లని నీటిలో చిక్కుకున్న మాన్లీ ప్రాణాలతో బయటపడ్డాడు. పత్రికలు పరిహసించాయి. చట్టసభలో ప్రజాధనం వృథా అయిందని విమర్శలు చెలరేగాయి. తొమ్మిది రోజుల అనంతరం, డిసెంబరు 17న, ఉత్తర కరొలైనాలోని ఇసుక తిన్నెలపై రైట్ సోదరులు మనిషితో విమానాన్ని ఎగురవేశారు. వారు అంతకుముందు మూడేళ్లపాటు ఇంజను లేని గ్లైడర్లతో గాలిలో అదుపు సాధించడాన్ని స్వయంగా అభ్యసించారు.

అయినా వారి విజయంలో లాంగ్లీ పాత్ర లేదనలేము. 1899లో విల్బర్ రైట్ సమాచారం కోరుతూ స్మిత్సోనియన్ సంస్థకు లేఖ వ్రాయగా, ఆ సంస్థ పంపిన రచనలలో లాంగ్లీవి కూడా ఉన్నాయి. అంతటి శాస్త్రజ్ఞుడు ఆకాశయానం సాధ్యమని విశ్వసించడం ఆ సోదరులకు ధైర్యమిచ్చింది.

అపజయం లాంగ్లీని కుంగదీసింది. పక్షవాతానికి గురై 1906 ఫిబ్రవరి 27న ఆయన కన్నుమూశాడు. 1914లో ఆయన విమానాన్ని ఎన్నో మార్పులతో ఎగురవేసి, అది మొదటినుండి ఎగురగలిగినదేనని సంస్థ ప్రకటించింది. దీనికి నొచ్చుకున్న ఆర్విల్ రైట్ 1928లో తమ విమానాన్ని లండన్ ప్రదర్శనశాలకు పంపాడు. 1942లో సంస్థ ఆ మార్పులను అంగీకరించాక, 1948లో ఆ విమానం స్వదేశం చేరింది. ఇతరుల ఘనతను తగ్గించి తెచ్చే కీర్తి లాంగ్లీకి అక్కరలేదు. వర్జీనియాలో 1917లో నెలకొల్పిన విమానశాస్త్ర పరిశోధన కేంద్రం ఆయన పేరును ధరించింది. ఐదవ నమూనా స్మిత్సోనియన్ సంస్థ సంరక్షణలో భద్రంగా ఉంది. నమూనా ఒక సత్యాన్ని నిరూపించగలదు గాని, దానికి ఆవలి సత్యాలను కొత్తగా శోధించవలసిందేనని లాంగ్లీ జీవితం విద్యార్థిలోకానికి బోధిస్తున్నది.