వీరసైనికుడు హెన్రీ జాన్సన్



వీరులలో రెండు తెగలవారు గలరు. చేసిన కార్యము వ్రాతకెక్కినవారు మొదటి తెగ. వ్రాతకెక్కక మరుగుపడినవారు రెండవ తెగ. మొదటివారి కథను బాలురు పాఠశాలలలో చదువుదురు. రెండవవారి కథ అరుగులమీద పెద్దలు చెప్పుకొను ముచ్చటగా నుండి, ఆ పెద్దలతోడనే అంతరించును. ఒక కాగితములో ఒక పంక్తి లోపించుటచేత మొదటి తెగనుండి రెండవ తెగలోనికి జారిపోయి, మరణించిన అరువదియేడేండ్లకు గాని మరల పైకి రాజాలని యొక మహావీరుని చరిత్ర మిచట విన్నవించుచున్నాను. ఆతడు మన దేశమువాడు కాడు, మన భాష యెరిగినవాడు కాడు. అయినను కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతములనుండి బిడ్డలను సైన్యమునకు పంపుచున్న మన కుటుంబములు తప్పక తెలిసికొనవలసిన చరిత్ర మాతనిది.

ఆతని పేరు విలియం హెన్రీ జాన్సన్. జనులు హెన్రీ జాన్సన్ అనియే పిలిచిరి. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున విన్‌స్టన్-సేలం పట్టణమందు 1892 ప్రాంతమున నల్లజాతికి చెందిన నిరుపేద కుటుంబములో జన్మించెను. పుట్టిన దిన మాతనికే సరిగా తెలియదు. వేర్వేరు కాగితములలో వేర్వేరు తేదీలు వ్రాయించెను. మన పల్లెలలో గాలివాన వచ్చిన యేడు పుట్టితినని చెప్పు పెద్దలవంటివాడే యనుకొనుడు. ఆ దేశమున బానిసత్వము 1865లోనే చట్టరీత్యా రద్దయినను, నల్లవారికి బడి వేరు, బండిలో పెట్టె వేరు, తుదకు సైన్యములో దళమును వేరే. బాల్యము గడవకముందే హెన్రీ న్యూయార్క్ రాష్ట్రమునకు వలస వచ్చి, ఆల్బనీ నగరమున బొగ్గుల కొట్టులో పనిచేసెను. పిదప రైలు స్టేషనులో ప్రయాణికుల సామాను మోయు పోర్టరుగా బ్రతికెను. ఆతని పొడవు 5 అడుగుల 4 అంగుళములు. బరువు 130 పౌనులు. ఆ బక్కపలుచని కూలివానిని చూచి, ఇతడొకనాడు లోకప్రసిద్ధుడగునని తలంచినవా రెవ్వరును లేరు.

1917 ఏప్రిల్‌లో అమెరికా ప్రథమ ప్రపంచ సంగ్రామమున ప్రవేశించెను. ఆ సంవత్సరమే జూన్ 5వ తేదీన హెన్రీ న్యూయార్క్ రాష్ట్రపు 15వ పదాతి దళమున చేరెను. అది నల్లవారి దళము. తరువాత 369వ రెజిమెంటను పేర ప్రఖ్యాతి గాంచెను. 1918 ప్రారంభమున నా దళము ఫ్రాన్సు చేరినది గాని, చేరినపిమ్మట వారిచేత తుపాకి పట్టింపలేదు. పారలు, గునపములు పట్టించిరి. నల్లవారి ప్రక్కన నిలిచి పోరాడుటకు తెల్లదళములలో పెక్కుమందికి మనసొప్పలేదు. తుదకు అమెరికా సేనానాయకు లా దళమును ఫ్రెంచివారికి అప్పగించిరి. ఫ్రెంచివారు వారికి తమ తుపాకులును, తమ ఇనుపటోపీలును ఇచ్చి, తమ సైనికులతో సమానముగా ఎదుటి కందకములలో నిలిపిరి. స్వదేశమున దొరకని సమానత పరదేశమున, అదియును మృత్యుముఖమున దొరకుట విధివిచిత్రము.

1918 మే 14వ తేదీ రాత్రి గడచి 15వ తేదీ ప్రవేశించిన వేళ, ఆర్గాన్ అరణ్యపు అంచున నొక ముందుచౌకీలో హెన్రీయు, నీధమ్ రాబర్ట్స్ అను తోడి సైనికుడును పహరా కాయుచుండిరి. చీకటిలో ముళ్లతీగ కత్తిరించు చప్పుడు వినవచ్చెను. పండ్రెండుగురకు తక్కువగాని జర్మను సైనికులు వారిపై విరుచుకుపడిరి. చేతిబాంబు ప్రేలి రాబర్ట్స్ తీవ్రముగా గాయపడి కూలెను. ఐనను పడియుండియే హెన్రీకి బాంబు లందించుచుండెను. హెన్రీ వానిని విసరెను. అవి అయిపోగా తుపాకి యెత్తెను. ఫ్రెంచి తుపాకిలో అమెరికా తూటాలు దూర్చుటచేత అది పట్టివేసెను. అంతట తుపాకిని తిరుగవేసి, దాని మడమతో శత్రువులను మోదెను; ఆ కొయ్య విరిగిపోయెను. ఆ సమయమున జర్మనులు రాబర్ట్స్‌ను బందీగా ఈడ్చుకొనిపోవుచుండిరి. ఒడలెల్ల గాయములతో నున్న హెన్రీ, తనవద్ద మిగిలిన బోలో యను బరువైన కత్తిని దూసి వారి నడుమకు దుమికి, స్నేహితుని విడిపించెను. సహాయదళము వచ్చుచున్న సందడి విని శత్రువులు పరారైరి. నలుగురు శత్రువులు హతులైరి, మరికొందరు గాయపడిరి. హెన్రీ శరీరమున ఇరువదియొక్క గాయము లుండెను. ఎడమపాదపు ఎముకలు చితికిపోగా వైద్యులు లోహపు రేకు నమర్చిరి.

ఫ్రెంచి ప్రభుత్వము ఆలస్యము చేయలేదు. తమ వీరపతకమైన క్రువా ద గేర్‌ను బంగారు తాటియాకు చిహ్నముతో హెన్రీకి బహూకరించెను. రాబర్ట్స్‌కును పతకము లభించెను. ఆ యుద్ధములో ఈ గౌరవము పొందిన తొలి అమెరికనులలో వీరు గలరు. అమెరికా సర్వసేనాని జనరల్ పెర్షింగ్ సైతము మే 20వ తేదీనాటి తన వార్తాలేఖలో ఈ యిరువురి శౌర్యమును కొనియాడెను. స్వదేశమున పత్రికలు హెన్రీ పేరును పెద్దయక్షరములతో ముద్రించెను. 1919 ఫిబ్రవరి 17వ తేదీన న్యూయార్క్ నగరపు ఫిఫ్త్ ఎవెన్యూ రాజవీథిలో 369వ దళము విజయయాత్ర సలుపగా, పాదము చెడిన హెన్రీ పైకప్పు తీసిన మోటారుబండిలో ఊరేగెను. ఇరుదెసల జనము పేరెత్తి జయధ్వానములు చేసిరి. ఆతని చిత్తరువును ప్రభుత్వము సైన్యమునకు జనులను చేర్చుకొనుటకును, యుద్ధనిధి స్టాంపుల విక్రయమునకును వాడుకొనెను.

చదువరులారా, ఇచ్చటనే కథ మలుపు తిరుగుచున్నది. సైన్యమునుండి విడుదలయగునప్పు డిచ్చిన పత్రమున ఆతని గాయముల ప్రస్తావనయే లేదు. ఇరువదియొక్క గాయములు దేహమున నున్నవి. పత్రమున ఒక్కటియు లేదు. అమెరికా ప్రభుత్వ మాతనికి ఒక్క పతకమైన నొసగలేదు. వీథిలో లక్షలమంది చూచినది నిజము. ఆస్పత్రిలో వైద్యులు కట్టుకట్టినది నిజము. ఫ్రెంచివారు పతకము గ్రుచ్చినది నిజము. కాని కచేరీ గుమాస్తాకు కాగితములోనిదే నిజము. ఆ కాలున స్టేషనులో మూటలు మోయుట దుర్భరమయ్యెను. కుటుంబము చెదరెను. 1919లో సెయింట్ లూయిస్ నగరమున జరిగిన సభలో, యుద్ధరంగమున తెల్లసైనికులు నల్లవారిపట్ల చూపిన దుర్నయమును నిర్భయముగా వెల్లడించెను. దానితో ఉపన్యాసములకు పిలుచువారును కరవైరి. గడువు దాటి సైనికదుస్తులు ధరించెనను నెపమున అరెస్టు ఉత్తరువును వెలువడెను. క్షయరోగము ఆవరించెను. 1927లో మాజీ సైనికుల శాఖ క్షయకారణముగా నాతనిని పూర్ణవికలాంగునిగా గుర్తించెనని ఇటీవల వెలికివచ్చిన కాగితములవలన తెలియుచున్నది. రోగము గుర్తింపబడెను గాని, శత్రువుచేతి గాయములు గుర్తింపబడలేదు. 1929 జూలై 1వ తేదీన, నలువది యేండ్లయిన నిండకుండ హెన్రీ జాన్సన్ కన్నుమూసెను.

మరణానంతరము సైత మాతనిని కాగితము వీడలేదు. దిక్కులేనివారి శ్మశానమున పాతిపెట్టిరని లోకమును, తనవారును పెక్కేండ్లు నమ్మియుండిరి. 2001 ప్రాంతమున పరిశోధకులు వెదకగా, ఆతని సమాధి జాతీయవీరులు విశ్రమించు ఆర్లింగ్టన్ శ్మశానవాటికలోనే సకలసైనిక మర్యాదలతో నుండుట బయల్పడెను. విలియం హెన్రీ జాన్సన్ అను పూర్తిపేరుతో అచట నమోదయి యుండుటచే, హెన్రీ జాన్సన్‌ను వెదకువారికి దొరకలేదు. ఒక్క మాట తేడాచేత ఒక వీరుని సమాధి డెబ్బదియేండ్లు కనుమరుగయ్యెను.

యుద్ధమున గాయపడినవారికి అమెరికా ఇచ్చు పతకమునకు పర్పుల్ హార్ట్, అనగా ఊదారంగు హృదయమని పేరు. జార్జి వాషింగ్టన్ 1782లో స్థాపించిన యొక యోగ్యతాచిహ్నమును, ఆయన ద్విశత జయంతి సందర్భమున 1932 ఫిబ్రవరి 22వ తేదీన ఈ పేర పునరుద్ధరించిరి. పూర్వయుద్ధమున గాయపడినవారు తామై అర్జీ పెట్టుకొని దానిని పొందవలసి యుండెను. గాయము శత్రువువలన కలిగినదనియు, వైద్యుడు చికిత్స చేసెననియు రుజువు కావలెను. అప్పటికి హెన్రీ గతించి మూడేండ్లు కావచ్చినది. అర్జీ పెట్టవలసిన చెయ్యియు లేదు, చూపవలసిన పత్రమును లేదు.

అయినను ఆల్బనీ పురవాసు లాతనిని మరువలేదు. వియత్నాం యుద్ధమున పోరాడివచ్చిన జాన్ హోవ్ అను మాజీ సైనికుడు ఈ కార్యమును నెత్తిన వేసికొనెను. 1991లో ఆ నగరమున నొక వీథికి హెన్రీ పేరు పెట్టి, ఉద్యానవనమున స్మారకము నెలకొల్పిరి. ఏండ్లకొలది లేఖలు వ్రాసి, సాక్ష్యములు పోగుచేసి, ప్రతినిధులను కలిసికొనగా, 1996లో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వము ఆతనికి పర్పుల్ హార్ట్ ప్రసాదించెను. 2002లో ద్వితీయ వీరపతకమైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ లభించెను. అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్‌కు మాత్రము ఆనాటి ప్రత్యక్ష సాక్ష్యము చాలదనిరి, గడువును మీరిపోయెననిరి. అప్పుడు సెనేటరు షూమర్ కార్యాలయమువారు పాత కాగితములు తవ్వి, మరుగున పడియున్న పెర్షింగ్ వార్తాలేఖను వెలికిదీసిరి. సుమారు 1,300 పుటల వినతిపత్రము 2011లో సమర్పింపబడెను. గడువు సడలించుటకు శాసనసభ ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చెను. 2015 జూన్ 2వ తేదీన అధ్యక్షుడు ఒబామా ఆ మహాపతకమును ప్రకటించి యిచ్చెను.

ఆ పతకమును అందుకొన్నవా రెవ్వరు? హెన్రీ తన తండ్రియని జీవితకాలము నమ్మి, ఆతని గౌరవమునకై పాటుపడిన హెర్మన్ జాన్సన్ 2004లోనే గతించెను. సైన్యమువారు వంశవృక్షమును పరిశోధించి, ఆ కుటుంబమునకును హెన్రీకిని రక్తసంబంధము రుజువు కాలేదనిరి. కావున న్యూయార్క్ నేషనల్ గార్డు దళాధికారి యొకడు హెన్రీ పక్షమున అందుకొనెను. మన సంఘమువంటి సంస్థలు ఈ విషయమును లోతుగా తలపోయవలెను. ఆ వీరుని ఋణము తీర్చినవారు ఊరివారును, తోడి సైనికులును, తండ్రియని నమ్మి సేవించిన యొక పుణ్యాత్ముడును. బంధుత్వము రక్తమువలననే కాదు, పూనికవలనను ఏర్పడును. 2023లో లూసియానాలోని యొక సైనికశిబిరమునకు ఫోర్ట్ జాన్సన్ అని ఆతని పేరు పెట్టిరి. 2025లో మరల పూర్వపు పేరునకే మార్చిరి. శిబిరముల పేర్లు మారవచ్చును. సరిదిద్దబడిన వ్రాత నిలిచియుండును.

అట్టి దిద్దుబాటునకు అమెరికాలో 1946నాటి చట్టము ననుసరించి సైనిక రికార్డుల సవరణ మండలు లేర్పడినవి. తప్పు కనుగొన్న మూడేండ్లలో అర్జీ పెట్టవలెను. న్యాయము కోరినచో గడువు మన్నింపవచ్చును. అయినను 1973 జూలైలో సెయింట్ లూయిస్ నగరపు రికార్డుల భవనము దగ్ధమై, 160 లక్షలకు పైగా సైనికుల కట్టలు బూడిదయయ్యెను. అటుపిమ్మట ఇంటి పెట్టెలోనున్న పాతలేఖయు, ఆస్పత్రి చీటియు, తోడి సైనికుని ప్రమాణపత్రమును పలువురకు ఆధారమయ్యెను. మన దేశమున శత్రువువలన గాయపడిన సైనికునకు పరాక్రమ్ పదక్ కలదు. 2007నాటి చట్టముచే ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునల్ సైనికుల ఫిర్యాదులను విచారించును. శ్రీకాకుళమున జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము కలదు.

ఇక మన యిండ్ల సంగతి. ఇంటిపేరు ముందో వెనుకో, అప్పన్నయో అప్పలస్వామియో, పుట్టినతేది బడిలో నొకటి, పటాలములో నొకటి. భార్యపేరు పుట్టింటిదో అత్తింటిదో. బ్రతికినన్నాళ్లు ఇది చిన్నమాటగా తోచును. పింఛను వితంతువుచేతికి రావలసిననాడు కొండయై అడ్డునిలుచును. సైనికుడు సెలవుపై వచ్చినపుడే భార్యాబిడ్డల పేర్లు రికార్డులో నున్నవో లేవో విచారింపవలెను. డిశ్చార్జి పుస్తకమును ఇంటి దస్తావేజులతో సమానముగా భద్రపరుపవలెను. గాయపడినవాడు ఆస్పత్రి కాగితముల నకళ్లు తప్పక తెచ్చుకొనవలెను. చదువు నేర్చిన మన యువకులు, ఊరికి ఇద్దరైనను, ఇట్టి అర్జీలు వ్రాసిపెట్టుట తమ సేవగా స్వీకరింపవలెను. మహాసభకు విచ్చేసిన పోషకులు ఈ కార్యమునకు తోడ్పడినచో, సత్రము కట్టించిన పుణ్యమున కది తీసిపోదు.

హెన్రీ జాన్సన్ తన స్నేహితుని శత్రువుల చేతికి పోనీయలేదు. ఆతని కీర్తిని మరపు చేతికి పోనీయక ఇతరులు విడిపించిరి. కాని ఆ కార్యమునకు తొంబదియేడేండ్లు పట్టినది. మనవారి విషయమున అంతకాలము పట్టకుండుగాక.

స్వస్తి.